దగ్గు లేని నెమ్ము

నెమ్ము అనగానే మనకు దగ్గు గుర్తుకు వస్తుంది. దగ్గు, జ్వరం, ఆయాసం అని మూడూ వరుసగా రాసి, కింద గీత గీసి, మార్కులు తెచ్చుకున్న వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. పెద్దవాళ్ళ విషయంలో ఆ వరుస చాలావరకు పనికివస్తుంది. చిక్కంతా పసిపిల్లల దగ్గరే. జబ్బు ఛాతీలో ఉంటే పిల్ల కడుపు నొస్తున్నదంటుంది. ఒకడికి మెడ బిగుస్తుంది. మరొకడికి ఫిట్స్ వస్తాయి. ఇంకొకడు ఏ నొప్పీ చెప్పడు, పాలు మాత్రం మానేస్తాడు. దగ్గు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న వాళ్ళకు అది వచ్చేసరికి వేళ మించిపోతుంది, లేదా అది అసలే రాదు.

విద్యార్థి సంఘం వార్షిక సంచికలో ఈ ఆసుపత్రి గొడవ ఏమిటని సాహిత్య విద్యార్థులు విసుక్కోవద్దని మనవి. ఇది డాక్టర్ల కోసం మాత్రమే రాసింది కాదు. మీ ఇంట్లోనో, మీ గల్లీలోనో అయిదేళ్ళలోపు పిల్ల ఒక్కతి ఉంటే ఇది మీ కోసం కూడా.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. ఒక రాత్రి తలాబ్‌కట్ట వైపు నుంచి ఒక తల్లి నాలుగేళ్ళ పిల్లను ఎత్తుకొచ్చింది. "పేట్ దుఖ్‌రా డాక్టర్ సాబ్" అన్నది. పిల్ల బొడ్డు మీద చెయ్యి పెట్టుకొని ముడుచుకుపోయి ఉంది. రెండుసార్లు వాంతి అయిందట. ఒళ్ళు కాలిపోతున్నది. కడుపు నొక్కి చూశాను, బిగుసుకునే ఉంది. ఇంకేముంది, అపెండిసైటిస్ అని తేల్చేసి, సర్జరీ వాళ్ళకు చీటీ రాయడం మొదలుపెట్టాను. డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ ఒకావిడ వచ్చి, ఏమీ మాట్లాడకుండా పిల్ల గౌను పైకెత్తి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. నిమిషం తరువాత, "యాభై ఎనిమిది డాక్టరుగారూ. ముక్కుపుటాలు కూడా ఒకసారి చూడండి" అన్నది. అప్పుడుగాని నేను స్టెతస్కోపు తీసి కుడివైపు వీపు కింద పెట్టలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనబడింది. చీటీ చింపేశాను. ఆ పిల్లకు ఆపరేషన్ తప్పింది. సిస్టర్ నాకు పాఠం చెప్పినట్టు కూడా చెప్పలేదు, తన పని తాను చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఛాతీ లోపలి గోడను ఆనుకొని ఉండే పొరకు, కింది పక్కటెముకల మధ్య నడిచే నరాలే పోతాయి. ఆ నరాలే ఇంకా కిందికి దిగి పొట్ట కండరాలకూ, చర్మానికీ పోతాయి. నెమ్ము ఊపిరితిత్తి అడుగుభాగంలో ఉండి ఆ పొర రాపిడి పెడితే, నొప్పి కడుపులో ఉన్నట్టే తోస్తుంది, పొట్ట కూడా బిగుస్తుంది. పెద్దవాడైతే "ఊపిరి పీలిస్తే పోటు వస్తున్నది" అని విడమరచి చెప్పగలడు. నాలుగేళ్ళ పిల్లకు తన ఒంట్లో నొప్పి ఉండే చోటు ఒకటే, అది కడుపు. కడుపునొప్పి రోగ నిర్ణయం మీద జకారీ కోప్ 1921లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలోనే కడుపు జబ్బులా నటించే ఛాతీ జబ్బుల గురించి హెచ్చరిక ఉంది. నూరేళ్ళు దాటినా ఆ పొరపాటు మనల్ని వదలలేదు. మాటల్లో పెట్టి పిల్ల ధ్యాస మళ్ళించి మెల్లగా లోతుగా నొక్కితే, నెమ్ము వల్ల బిగుసుకున్న పొట్ట చాలాసార్లు మెత్తబడుతుంది. కాని ఆ ఓపిక ఆ రాత్రి నాకు లేదు.

నెమ్ము ఊపిరితిత్తి పైభాగంలో ఉంటే వేషం ఇంకొకటి. మెడ వంచనివ్వడు, తలనొప్పి అంటాడు, మగతగా ఉంటాడు. మెదడువాపు జ్వరమని భయపడి వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే అది తేటగా ఉంటుంది. అలాగని ఆ పరీక్ష మానుకోమని నేననడం లేదు. న్యూమోకాకస్ అనే ఒకే క్రిమి ఊపిరితిత్తికీ మెదడు పొరకూ రెండింటికీ ఎక్కగలదు. నీరు తేటగా ఉందని నిట్టూర్చి ఊరుకోకుండా ఛాతీ చూడాలన్నదే నా మాట. ఉదరవితానం, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరం, దాని మీది పొర రేగితే నొప్పి భుజంలోకి పాకుతుంది. తీవ్రమైన నెమ్ములో రక్తంలో సోడియం తగ్గిపోవడం కద్దు. దానితో మగత, ఒక్కొక్కప్పుడు ఫిట్స్. జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ అని ఇంటికి పంపిన పిల్లల్లో నెమ్ము దాగి ఉండవచ్చు.

ఇక నెలల పిల్లల సంగతి. రెండు నెలలలోపు బిడ్డకు గట్టిగా దగ్గే శక్తి లేదు. జ్వరం రావాలనే నియమం కూడా లేదు, పైగా ఒళ్ళు చల్లబడవచ్చు. పాలు సరిగా తాగకపోవడం, ఎప్పుడూ లేనంతగా నిద్రపోవడం, మధ్యమధ్య ఊపిరి ఆగి మళ్ళీ అందుకోవడం, ఇవే ఆ బిడ్డ చెప్పగలిగిన మాటలు. కోరింత దగ్గు కూడా ఈ వయసులో కూత లేకుండా, కేవలం ఊపిరి ఆగడంగా వస్తుంది. ప్రసవంలో తల్లి నుంచి క్లమీడియా క్రిమి సోకిన బిడ్డకు ఒకటి నుంచి మూడు నెలల మధ్య జ్వరమే లేకుండా, తెరలు తెరలుగా పొడిదగ్గుతో నెమ్ము చేస్తుంది. చిక్కి శల్యమైన పిల్లలదీ ఇదే దారి. జ్వరం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి గదా!

ఇక్కడ రెండో సంగతి చెప్పక తప్పదు. లాల్‌దర్వాజా నుంచి నలభై రోజుల మగబిడ్డను తెచ్చారు. తల్లి నోట రెండే మాటలు: "పాలు తాగుతలేడు సారూ, ఊకె పండుకుంటుండు." మూడు రోజులుగా తిరుగుతున్నారు. ఒకరు వేడి చేసిందన్నారు. ఒకరు దిష్టి తీయించమన్నారు. ఒక మందుల దుకాణంలో అరుగుదలకు సీసా ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి బిడ్డ ఊపిరి నిమిషానికొకసారి ఆగుతున్నది. తెల్లవారుజామున పోయాడు. నానమ్మ గోడకు చేరగిలబడి ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నది: "ఒక్కసారి దగ్గినా అప్పుడే తెస్తుంటిమి గద సారూ." ఆమె తప్పు ఏమీ లేదు. దగ్గితేనే ఛాతీ జబ్బని ఆమెకు నేర్పింది మనమే.

గొంతు కింద నుంచి వచ్చే మూలుగు సంగతీ అంతే. ఊపిరి వదిలిన ప్రతిసారీ చిన్నగా "ఊఁ... ఊఁ" అని మూలుగుతుంటే నొప్పికి మూలుగుతున్నాడనుకుంటాం. అది నొప్పి కాదు. మూసుకుపోతున్న గాలి తిత్తులను తెరిచి ఉంచడానికి బిడ్డ గొంతు బిగించి గాలిని లోపలే కాసేపు నిలుపుకొంటున్నాడు. ఆ మూలుగు వినబడితే వేచి చూడకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొన్ని నెమ్ములు మన అలవాట్లలోంచి వస్తాయి. సీతాఫలాల రోజుల్లో గింజ, ఇతర రోజుల్లో పల్లీ గింజ పొరబోయి శ్వాసనాళంలో ఇరుక్కుంటుంది. ఆ క్షణాన ఉక్కిరిబిక్కిరై తరువాత సర్దుకుంటుంది, ఇంట్లో అందరూ మరిచిపోతారు. పదిహేను రోజులకు ఒక పక్కన నెమ్ము. మందు వాడితే తగ్గి మళ్ళీ అదే పక్కన వస్తుంది. ఎప్పుడూ ఒకే చోట వచ్చే నెమ్ముకు మందులు మార్చడం కాదు, గింజ ఏమైనా మింగాడా అని అడగడం ముఖ్యం. తలంటినప్పుడు పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేసే ఆచారం మన రెండు మతాల ఇళ్ళలోనూ ఉంది. ఆ నూనె ఊపిరితిత్తిలోకి దిగితే దగ్గు రేపకుండానే అక్కడ పేరుకుపోతుంది. ఒంటి మీద సెగ్గడ్డలు లేచిన పిల్లకు హఠాత్తుగా ఆయాసం వస్తే, ఆ చీము క్రిమే ఛాతీలోకి చేరిందేమో చూడాలి. తట్టు తగ్గిందని ఊపిరి పీల్చుకునే వారంలోనే నెమ్ము కాచుకొని ఉంటుంది. తట్టుతో పోయే పిల్లల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది అదే. ఇంట్లో తాత నెలల తరబడి దగ్గుతుంటే, బరువు పెరగని మనవడికి దగ్గు లేకపోయినా క్షయ కోసం వెతకాలి. ఎక్స్‌రే చూస్తే గుండ్రంగా గడ్డలా కనబడి కేన్సరేమోనని కంగారు పెట్టే నెమ్ము కూడా చిన్నపిల్లల్లో ఉంది. గాలి తిత్తుల మధ్య అడ్డదారులు ఇంకా ఏర్పడని వయసు కాబట్టి జబ్బు పాకకుండా ఒకచోట ఉండలా నిలుస్తుంది.

ఈ జాబితా అంతా బట్టీ పట్టమని నా ఉద్దేశం కాదు. బట్టీ పట్టినా ఇంకో వేషంలో వస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే: ఏ ఫిర్యాదుతో వచ్చినా సరే, కడుపునొప్పి కానీయండి, వాంతులు కానీయండి, ఫిట్స్ కానీయండి, అయిదేళ్ళలోపు జబ్బు పిల్లకు చొక్కా తీసి, నిండా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టాలి. ఆ అంకె చీటీ మీద రాయాలి. బరువు రాసినట్టు, జ్వరం రాసినట్టు.

లెక్క కష్టమైనది కాదు. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు 40 గాని అంతకు మించి గాని ఉంటే వేగమే. పిల్ల ఏడవకుండా, పాలు తాగకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు లెక్కించాలి. రెండు నెలలలోపు బిడ్డకు ఎక్కువ వస్తే మరొకసారి లెక్కించి సరిచూసుకోవాలి. దానితోపాటు ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయా, పాలో నీళ్ళో తాగగలుగుతున్నాడా, తాగినదంతా కక్కేస్తున్నాడా, ఫిట్స్ వచ్చాయా, లేపితే లేస్తున్నాడా అని చూడాలి. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఉంచకూడదు.

ఇదేదో నా బుర్రలో పుట్టిన ఊహ కాదు. పాపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు ఎక్స్‌రేలు దొరకని చోట ఏ పిల్లకు మందు ఇవ్వాలి, ఏ పిల్లను ఆసుపత్రిలో చేర్చాలి అన్నది శ్వాస వేగాన్నీ డొక్కల కదలికనూ బట్టి ఎలా నిర్ణయించవచ్చో 1984లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఆ బాటలోనే రూపుదిద్దుకున్నాయి. మన పొరుగునే, గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ కార్యకర్తలకూ మంత్రసానులకూ నెమ్ము గుర్తించడం, మందు ఇవ్వడం నేర్పి పిల్లల మరణాలు తగ్గించగలిగారు. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మంత్రసాని చేయగలిగిన పనిని డిగ్రీ విద్యార్థి చేయలేడా?

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు. "ప్రతి పిల్లకూ లెక్కపెడుతూ కూర్చుంటే ఓ.పీ. నడుస్తుందా? తల్లులు బెదిరిపోరా? యాంటీబయాటిక్స్ ఇంకా ఎక్కువ వాడరా?" అంటారు. మొదటి ప్రశ్నలో న్యాయముంది. అంత రద్దీలో ఒక నిమిషం చిన్నదేమీ కాదు. కాని వరుసలో నిలబడి ఉన్నప్పుడే సిస్టరో, విద్యార్థో లెక్కించి రాయవచ్చు. మూడో ప్రశ్నకు జవాబు తిరగేసి చెప్పాలి. లెక్క మామూలుగా ఉండి, ప్రమాద చిహ్నాలు లేకుండా, జలుబు దగ్గు మాత్రమే ఉన్న పిల్లకు యాంటీబయాటిక్ అక్కర్లేదని ధైర్యంగా చెప్పగలిగేది లెక్కపెట్టిన వాడే. లెక్కపెట్టని వాడే భయానికి రాసేస్తాడు. పోతే, ఈ అంకె సర్వరోగ నిర్ణాయకం కాదు. జ్వరం, పిల్లికూతలు, రక్తహీనత, గుండెజబ్బు ఏదైనా శ్వాస వేగం పెంచుతుంది. బాగా నీరసించిన బిడ్డలో నెమ్ము ఉన్నా వేగం పెరగకపోవచ్చు. అంకె డాక్టర్‌కు బదులు కాదు, డాక్టర్ చూపును ఛాతీ వైపు తిప్పే వేలు మాత్రమే. 2020, 2021 కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్ ఉంది గదా అనేవారికి ఒక మాట. పెద్దవాళ్ళ వేలికి చేసిన క్లిప్పు పసివేలికి సరిగా కూర్చోదు. దాని అంకె చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదం.

రెండో అభిప్రాయం భాష గురించి. పాతబస్తీ తల్లికి ఈ జబ్బు తెలియదనుకోవడం మన అహంకారం. "పస్లీ చల్‌రీ" అని ఆమె అంటుంది. పక్కటెముకలు ఎగురుతున్నాయని అర్థం. మన తెలుగు తల్లి "డొక్కలెగరేస్తున్నడు" అంటుంది. రెండూ ఒకటే, రెండూ వైద్యగ్రంథంలోని లక్షణమే. "దూద్ నై పీరా" అన్నా, "పాలు తాగుతలేడు" అన్నా ప్రమాద చిహ్నమే. ఇంగ్లీషులో లక్షణం చదివి, ఇంగ్లీషులో పరీక్ష రాసి వచ్చిన కుర్ర డాక్టర్‌కు ఆ తల్లి మాట చెవిన పడినా బుర్రకెక్కదు. 1918లో ఏర్పడిన మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దాని అనువాద విభాగం దారుల్ తర్జుమా శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. వైద్యం కూడా ఈ ఊళ్ళో ఉర్దూలో చెప్పిన రోజులున్నాయి. ఆ రోజులు తిరిగి రావాలని నేననడం లేదు. అప్పటి డాక్టర్‌కు తెలుగు తల్లి మాట ఎంత అందిందో అదీ ప్రశ్నే. చార్మినార్‌కు కూతవేటు దూరంలో వైద్యం చేయబోయేవాడు కనీసం నలభై మాటలు ఉర్దూలోనూ, తెలంగాణ తెలుగులోనూ నేర్చుకుని వార్డులో అడుగుపెట్టాలని మాత్రం అంటున్నాను.

1931లో ఆసఫ్‌జాహీ కుటుంబానికి కోడళ్ళుగా వచ్చిన ఇద్దరు టర్కీ రాకుమార్తెల పేర్లు ఈ ఊళ్ళో రెండు పిల్లల ఆసుపత్రులకు నిలిచాయి. ఒకటి రెడ్‌హిల్స్‌లో 1953లో వెలసిన నిలోఫర్. మరొకటి పురానీ హవేలీలోని దుర్రుషెహవార్. మూసీ ఒడ్డున ఉస్మానియా ఉండనే ఉంది. అంటే ఆసుపత్రులు లేక కాదు. గల్లీకీ ఆసుపత్రి గుమ్మానికీ మధ్య ఆ మూడు రోజుల్లోనే పిల్లలు చేజారుతున్నారు. 2019లో ప్రపంచం మొత్తం మీద అయిదేళ్ళలోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది నెమ్ముతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసు మరణాల్లో ఇది 14 శాతం. టీకాలు వచ్చాయి. హిబ్ క్రిమిని ఆపే అయిదు మందుల టీకా 2011లో కేరళ, తమిళనాడుల్లో మొదలై దేశమంతటికీ విస్తరించింది. న్యూమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. ఇవి గొప్ప మేలు చేస్తాయి, అందరూ వేయించాలి. కాని ప్రతి క్రిమికీ టీకా లేదు. లాడ్‌బజార్ గాజుల కోసం ఇరుకు గదిలో బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించే ఇంట్లో, ఆ పొగలోనే ఉయ్యాల కట్టి ఉంటే టీకా ఒక్కటే ఏం చేయగలదు?

అందుచేత సోదర విద్యార్థులకు నా సూచన. సేవా శిబిరాలకు పోయి రోడ్లు ఊడ్చి ఫోటో దిగడం ఏటా చేస్తూనే ఉన్నాం. ఈ ఏడు శాలిబండలోనో, యాకుత్‌పురాలోనో ఒక్క గల్లీ ఎంచుకుందాం. వైద్య విద్యార్థి ఒకడు, తెలుగు వచ్చినవాడు ఒకడు, ఉర్దూ వచ్చిన అమ్మాయి ఒకతి కలిసి వెళ్ళి, అమ్మలకూ నానమ్మలకూ ఫోనులోని గడియారం పెట్టుకుని శ్వాసలు లెక్కపెట్టడం నేర్పుదాం. చదువు రాని తల్లికి అంకెలతో పేచీ అయితే డొక్కలు చూడటం, పాలు మానేయడం, మూలుగు వినడం నేర్పుదాం. అధ్యాపకులు పరీక్షలో నెమ్ము లక్షణాలు రాయమని అడగడానికి బదులు, కడుపునొప్పితో వచ్చిన పిల్లను మొదట ఏం చూస్తావని అడగాలని విన్నపం.

ఆ సిస్టర్ ఆ రాత్రి గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది ఒక్క నిమిషమే. లాల్‌దర్వాజా బిడ్డ కోసం ఆ మూడు రోజుల్లో ఎవరైనా ఆ ఒక్క నిమిషం నిలబడి ఉంటే, ఆ నానమ్మ దగ్గు కోసం ఎదురుచూసి ఉండేది కాదు.